వరుస ప్రధాన సంఖ్యలు సమాన దూరంలో: నాలుగు సులువుగా వచ్చి ఐదోది ఎందుకు రాదు?

ప్రశ్న (గుంటూరు నుంచి, బీఎస్సీ రెండో సంవత్సరం): సమాన దూరంలో వచ్చే వరుస ప్రధాన సంఖ్యల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. పైతాన్‌లో 10 లక్షల దాకా వెతికితే 251, 257, 263, 269 లాంటి నాలుగేసి దొరికాయి గానీ ఐదు ఒక్కసారీ రాలేదు. ఒక గైడులో 5, 11, 17, 23, 29 అని ఐదు ఇచ్చారు. ఎంత పొడవైనవైనా ఉంటాయని గ్రీన్, టావో అనే గణిత శాస్త్రవేత్తలు నిరూపించారట. మరోపక్క రికార్డు పదే అంటున్నారు. ఏది నమ్మాలి? నా ల్యాప్‌టాప్ మీద ఎంతవరకు వెళ్లొచ్చు?

జవాబు:

మీ ప్రోగ్రాంలో తప్పేం లేదు. గైడులోని ఐదూ ప్రధాన సంఖ్యలే, తేడా కూడా అన్నిచోట్లా 6 ఉంది, కానీ అవి వరుసవి కావు. 5కీ 11కీ మధ్య 7 కూర్చుంది. 11కీ 17కీ మధ్య 13, 17కీ 23కీ మధ్య 19 ఉన్నాయి. 41, 47, 53, 59 కూడా ఇలాంటిదే: 43 అడ్డొస్తుంది కాబట్టి అందులో 47, 53, 59 మాత్రమే మీ లెక్కలోకి వస్తాయి. గ్రీన్–టావో మాటా నిజమే, పది రికార్డన్నదీ నిజమే. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

విజయవాడ నుంచి గుంటూరు దారిలో సమాన దూరంలో ఉన్న కొన్ని బస్‌స్టాపులు ఏరమంటే, మధ్యలో ఎన్ని స్టాపులున్నా వదిలేసి మనకు కావలసినవి ఏరుకోవచ్చు. గ్రీన్, టావో 2004లో నిరూపించింది ఆ రకం సంగతి. పల్లెవెలుగు బస్సు ఆగే ప్రతి స్టాపునూ లెక్కపెట్టి, ఒక్కటీ వదలకుండా అవన్నీ సమాన దూరంలో ఉండాలంటే అది మీ ప్రాజెక్టు. ఇక్కడ సమాన దూరం కుదరడం ఒక కష్టమైతే, మధ్యలో ఏమీ లేకుండా ఉండటం దాన్ని మించిన కష్టం. ఐదు ఎందుకు రాలేదన్నదీ, రికార్డు పది దగ్గర ఎందుకు ఆగిందన్నదీ ఈ రెండో కష్టం నుంచే అర్థమవుతాయి.

ముందు తేడా సంగతి. పదో తరగతి అంకశ్రేఢి, భాగహారంలో శేషం, ఈ రెండూ తెలిస్తే చాలు. ఏదో ఒక చిన్న ప్రధాన సంఖ్య తీసుకోండి, 5 అనుకుందాం. శ్రేఢిలో తేడా 5 గుణిజం కాకపోతే, పక్కపక్కనున్న ఐదు పదాలను 5తో భాగించినప్పుడు ఐదు వేర్వేరు శేషాలు వస్తాయి. ఉన్నవే ఐదు శేషాలు కాబట్టి ఒకటి సున్నా కాక తప్పదు. అంటే ఒక పదం 5 గుణిజం. అది ప్రధాన సంఖ్య కావాలంటే స్వయంగా 5 అయ్యుండాలి. గైడులోని శ్రేఢి 5తో మొదలవడానికి కారణం అదే, అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఇదే వాదన 2కీ 3కీ 7కీ పెట్టండి. మూడు పదాలకు తేడా 6 గుణిజం కావాలి (3, 5, 7 ఒక్కటే మినహాయింపు). నాలుగుకీ 6 గుణిజమే. ఐదుకీ ఆరుకీ 30 గుణిజం. ఏడు నుంచి పది దాకా 210 గుణిజం. పదకొండుకి 2310 గుణిజం. 5తోనో 7తోనో 11తోనో మొదలుపెట్టి తప్పించుకోవచ్చు కదా అనిపిస్తుంది గానీ, వరుసవే కావాలన్న షరతు ఉంది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. 5 తర్వాతి ప్రధాన సంఖ్య 7, అక్కడ తేడా 2 మాత్రమే.

ఈ వాదన నుంచే ఇంకో చిన్న సంగతి బయటికొస్తుంది. గైడుల్లో ఇది కనబడదు గానీ ప్రాజెక్టులో పెడితే బాగుంటుంది. తేడా 6 ఉన్న నాలుగింటి జాబితా చూడండి: 251, 1741, 3301, 5101, 5381 దగ్గర మొదలవుతాయి. అన్నీ 1తోనే ముగుస్తున్నాయి. కాకతాళీయం కాదు. 6ని 5తో భాగిస్తే శేషం 1, కాబట్టి పదాల శేషాలు ఒక్కొక్కటిగా పెరుగుతాయి. నాలుగింటిలో ఏదీ సున్నా కాకూడదంటే అవి వరుసగా 1, 2, 3, 4 కావాలి. పదాలన్నీ బేసివి కాబట్టి చివరి అంకెలు 1, 7, 3, 9 అవుతాయి. ముందున్న 245, తర్వాతి 275 రెండూ 5 గుణిజాలు. ఆ వరుసకు రెండువైపులా 5 గోడ కట్టినట్టే. తేడా 30 అయిన ఆరింటికి 7 అలాగే గోడ కడుతుంది, తేడా 210 అయిన పదింటికి 11 కడుతుంది. ప్రతి పొడవుకూ తన గోడ ఉంది. దాన్ని దాటాలంటే తేడాను ఆ సంఖ్యతో గుణించాలి.

ఇక మధ్యలో ఖాళీ సంగతి. నిజమైన బరువు ఇక్కడే ఉంది. తేడా 6 అయితే పక్కపక్క పదాల మధ్య 2, 3 వాటంతటవే కొట్టేయకుండా మిగిలే స్థానం ఒక్కటే. 251 విషయంలో ఆ స్థానాలు 253, 259, 265. మొదటిది 11 × 23, రెండోది 7 × 37, మూడోది 5 × 53. మూడూ సంయుక్త సంఖ్యలు కావడం పెద్ద అదృష్టమేం కాదు. మూడోదైతే 5 గుణిజం కావడం ముందే ఖాయం. తేడా 30 అయితే 2, 3, 5 కొట్టేసిన తర్వాత ఒక్కో ఖాళీలో 7 స్థానాలు మిగులుతాయి. ఆరు పదాలకు ఐదు ఖాళీలు, మొత్తం 35 స్థానాలు. వాటిలో ఒక్కటి ప్రధాన సంఖ్య అయినా ఆట ముగిసింది. తేడా 210కి ఖాళీకి 47 చొప్పున, పది పదాలకు 9 × 47 = 423 స్థానాలు. తేడా 2310కి ఖాళీకి 479 చొప్పున, పదకొండు పదాలకు 4790. సమాన దూరంలో పదకొండు దొరకడం ఒక ఎత్తు, ఈ 4790 చోట్లా ఏమీ లేకపోవడం ఒక ఎత్తు.

దీనికి సగటు దూరాన్ని జోడించి చూడండి. ఒక సంఖ్య చుట్టుపక్కల ప్రధాన సంఖ్యల మధ్య సగటు దూరం సుమారుగా ఆ సంఖ్య సహజ సంవర్గమానం. 10 లక్షల దగ్గర అది 13.8. మీకు ఐదు కావాలంటే 30 దూరం, అంటే సగటుకు రెట్టింపు పైన, వరసగా నాలుగుసార్లు రావాలి. అందుకే 10 లక్షల లోపు ఒక్కటీ లేదు. మొదటి ఐదు 98,43,019 దగ్గర మొదలై 98,43,139 దగ్గర ముగుస్తాయి. కోటి దాకా వెతికితే అంచుమీద దొరికేది. రెండోది 3,77,72,429 దగ్గర. మొదటి ఆరు 12,11,74,811 దగ్గర మొదలవుతాయి. లాండర్, పార్కిన్ దీన్ని 1967లో ప్రచురించారు. పది కోట్ల దగ్గర ప్రోగ్రాం ఆపేసి ‘ఆరు లేవు’ అని రాసేస్తే తప్పైపోతుంది, కాబట్టి హద్దు 13 కోట్లు పెట్టండి.

98,43,019 తర్వాతి మొదటి ఖాళీని విప్పి చూస్తే ఇందులో అదృష్టం పాలు ఎంతో తెలుస్తుంది. మిగిలే ఏడు స్థానాల చివరి రెండంకెలు 23, 29, 31, 37, 41, 43, 47. వీటిలో 29, 43 స్థానాలు 7కి పోయాయి. 31ది 11కి, 41ది 13కి పోయాయి. 37ది 67 గుణిజం (67 × 1,46,911). మిగిలిన రెండింటికీ, అంటే 98,43,023కీ 98,43,047కీ, వందలోపు కారణాంకమే లేదు. అయినా అవి సంయుక్త సంఖ్యలే. ఇలా మొత్తం 28 స్థానాల్లోనూ సంయుక్త సంఖ్యలే కుదిరాయి.

ల్యాప్‌టాప్ మీద ఎలా చేయాలి

ఒక్కో సంఖ్యను పట్టుకుని ‘ఇది ప్రధాన సంఖ్యా’ అని అడిగే పద్ధతి 10 లక్షల తర్వాత వదిలేయండి. ఎరటోస్తనీస్ జల్లెడ (ఒక్కో ప్రధాన సంఖ్య గుణిజాలను జాబితాలోంచి కొట్టేస్తూ పోయే పద్ధతి) వాడండి. 13 కోట్లకు వర్గమూలం సుమారు 11,402, కాబట్టి అంతవరకున్న ప్రధాన సంఖ్యలతో కొట్టేస్తే చాలు. పైతాన్‌లో మామూలు లిస్టు పెడితే ఒక్కో గడికి 8 బైట్లు పోయి ఒక జీబీ దాటేస్తుంది, 4 జీబీ మెషీన్ అక్కడే నీరసపడుతుంది. బైట్ అర్రే అయితే 130 ఎంబీ, బేసి సంఖ్యలకే గడులు పెడితే 65 ఎంబీ. ఒక్కో గడికి ఒక్క బిట్టే ఇస్తే 8 ఎంబీ చాలు, కానీ పైతాన్‌లో బిట్లతో కుస్తీ పట్టడం అంత లాభసాటి కాదు. నంపై (పైతాన్‌లో సంఖ్యల జాబితాలను వేగంగా నడిపే లైబ్రరీ) వాడితే ముక్కల్లో కొట్టేయడం వేగంగా అవుతుంది. 13 కోట్ల లోపు దాదాపు 74 లక్షల ప్రధాన సంఖ్యలు వస్తాయి. 8 బైట్ల పూర్ణాంకాలుగా ఉంచుకుంటే 60 ఎంబీకి కాస్త తక్కువ. మీ మెషీన్‌కి అది లెక్క కాదు.

జల్లెడ సరిగ్గా ఉందో లేదో ముందే తేల్చుకోండి. 10 లక్షల లోపు 78,498 రావాలి, కోటి లోపు 6,64,579, పది కోట్ల లోపు 57,61,455. ఒక్కటి తేడా వచ్చినా ముందుకెళ్లకండి. ఎక్కువసార్లు తప్పు 1ని ప్రధాన సంఖ్యగా లెక్కపెట్టడంలోనో, బేసి సంఖ్యల జల్లెడలో 2ని మర్చిపోవడంలోనో ఉంటుంది.

తర్వాత పక్కపక్క తేడాల జాబితా తీసి, ఒకే తేడా ఎన్నిసార్లు వరసగా వచ్చిందో లెక్కించాలి. ఇక్కడే అందరూ ఒకటి ఎక్కువో తక్కువో చేస్తారు. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లంటే వాటిని పట్టుకున్న స్తంభాలూ 70 అని కాదు కదా. ఆరు ప్రధాన సంఖ్యలకు ఐదు తేడాలే. మూడు తేడాలు ఒకేలా ఉంటే అది నాలుగు పదాల వరుస. ఇంకో చిక్కు ఉంది: ఆరు పదాల వరుసలో ఐదు పదాల వరుసలు రెండున్నాయి. ‘ఐదు పదాలవి ఎన్ని’ అని పట్టిక వేసేటప్పుడు వాటిని కలిపారో లేదో పట్టిక కిందే రాయండి. రెండు లెక్కలూ సరైనవే, కానీ కలగాపులగం చేస్తే ఇంకొకరి పట్టికతో సరిపోదు.

సి ప్లస్ ప్లస్‌లో ముక్కలుగా జల్లెడ పడితే (ఒక్కో ముక్క 32 కేబీ ఉంటే ప్రాసెసర్ క్యాష్‌లో ఇముడుతుంది) రెండు తప్పులకు అవకాశం ఎక్కువ. ఒకటి, కొత్త ముక్క మొదలైనప్పుడు ‘గత ప్రధాన సంఖ్య, గత తేడా, ఇప్పటి పొడవు’ మూడింటినీ సున్నా చేసేయడం. సరిహద్దు మీద పడ్డ వరుస అలా మాయమవుతుంది. రెండు, 32 బిట్ల పూర్ణాంకంలో వర్గం చేయడం. 46,340 దాటిన సంఖ్య వర్గం అందులో పట్టదు, రుణ సంఖ్య అయిపోయి లూపు ఎక్కడికో పోతుంది. 64 బిట్లు వాడితే గొడవ ఉండదు.

దొరికిన ప్రతి ఐదింటినీ 7తో భాగించి శేషం రాసుకోండి. మొదటి పదానికి శేషం 2 లేదా 4 మాత్రమే రాగలదు, వేరేది వస్తే ప్రోగ్రాంలో తప్పుంది. 4 అయితే తర్వాతి పదం 7 గుణిజం, ఆరోది వచ్చే ఆశ లేదు. 98,43,019 అలాంటిదే. 2 అయితే ముందు పదం 7 గుణిజం, ఆరోదానికి చోటుంది. 12,11,74,811కి శేషం 2.

ఏడో పదం కోసం ఈ జల్లెడను పొడిగించకండి. తేడా 210కి మారుతుంది, చిన్న సంఖ్యల్లో అంత ఖాళీలు ఆరు వరసగా రావు. 20 అంకెల సంఖ్యల దగ్గర కూడా సగటు దూరం 46 మాత్రమే, 210 దానికి నాలుగున్నర రెట్లు. ఎదురుచూసి లాభం లేదు, ఖాళీలను మనమే తయారుచేసుకోవాలి.

ఖాళీని కట్టడం

దీనికి చైనీయ శేష సిద్ధాంతం వాడతారు: వేర్వేరు ప్రధాన సంఖ్యలతో భాగిస్తే ఏ శేషాలు రావాలో మనమే ఎంచుకుని, అవన్నీ వచ్చే సంఖ్యను కట్టొచ్చు. మీ సిలబస్‌లో ఉన్నదే. నాలుగు పదాల మీద చిన్నగా చేసి చూపిస్తాను, పది పదాలకూ పద్ధతి ఇదే. మొదటి పదాన్ని ‘ప’ అనుకోండి. 6తో భాగిస్తే శేషం 5, 5తో భాగిస్తే శేషం 1 అని తీసుకుందాం. అప్పుడు ప్రమాదకర స్థానాలు ప + 2, ప + 8, ప + 14. మూడోది 5కి పోయింది. ప + 8ని 7కి అప్పగిద్దాం: 7తో భాగిస్తే ‘ప’ శేషం 6 కావాలి. ప + 2ని 11కి అప్పగిద్దాం: 11తో శేషం 9 కావాలి. ఇలా అప్పగించేటప్పుడు 7 గానీ 11 గానీ మనకు కావలసిన నాలుగు పదాల్లో దేన్నీ తినకూడదు. ఇక్కడ 7తో నాలుగు పదాల శేషాలు 6, 5, 4, 3. 11తో 9, 4, 10, 5. సున్నా లేదు, బాగుంది. ఈ షరతులన్నీ కలిపితే ప = 251 + 2310 × న. ‘న’ స్థానంలో ఏ సంఖ్య పెట్టినా ఖాళీలు ఖాళీగానే ఉంటాయి. నాలుగు పదాలూ ప్రధాన సంఖ్యలా కాదా అన్నదొక్కటే చూడాలి.

న = 0 మనకు తెలిసిన 251. న = 1 అయితే 2561, అది 13 × 197, పోయింది. న = 2 అయితే 4871, 4877 నిలిచాయి, 4883 = 19 × 257. న = 3 అయితే 7181 = 43 × 167. న = 4 అయితే 9491, 9497 నిలిచి, 9503 దగ్గర 13 దెబ్బతీసింది. న = 5 అయితే 11801, 11807, 11813 మూడూ ప్రధాన సంఖ్యలే, నాలుగోది 11819 = 53 × 223. అంటే మూడు వరుస సంఖ్యలు దొరికాయి, నాలుగు తృటిలో తప్పాయి. చేత్తో ఇంతవరకు చేసి ప్రాజెక్టులో పెట్టండి. ప్రోగ్రాం పేజీలకన్నా ఈ అరపేజీ చూస్తేనే అడిగేవాళ్లకు మీకు అర్థమైందని తెలుస్తుంది.

ఏడు పదాలకు ఇదే పని పెద్ద ఎత్తున చేయాలి. ఆరు ఖాళీలు × 47 = 282 స్థానాలు. 11, 13, 17 ఇలా ఒక్కో ప్రధాన సంఖ్యకూ, ఏడు పదాల్లో దేన్నీ తినని శేషాల్లో, ఇంకా మిగిలిన స్థానాలను ఎక్కువగా కొట్టే శేషాన్ని ఎంచుకుంటూ పోవాలి. ఆశపోతు పద్ధతే, ఉత్తమమైనది రాదు గానీ మొదలుపెట్టడానికి చాలు. ప్రధాన సంఖ్యల క్రమం మార్చి, శేషాలను అటూఇటూ తిప్పి మళ్లీమళ్లీ నడిపితే మెరుగవుతుంది.

ఎక్కడ ఆపాలన్నది తూకం. 97 వరకు వాడితే గుణకం (పైన 2310 ఉన్న చోట వచ్చే సంఖ్య) 37 అంకెలు. ‘న’ 9 అంకెల దాకా వెళ్తే సంఖ్యలు 45 అంకెల చుట్టూ ఉంటాయి. 97 వరకు ఉన్న కారణాంకాలు ఏ పదానికీ ఉండవు కాబట్టి ఒక్కో పదం ప్రధాన సంఖ్య అయ్యే అవకాశం సుమారు 12.7లో ఒకటి. ఏడూ ఒకేసారి కావడం సుమారు 5.3 కోట్లలో ఒకటి. ఇంతవరకు భయపెట్టేదేం లేదు. కానీ కొట్టేయకుండా మిగిలిన స్థానం ఒక్కోటి మీ అవకాశంలో దాదాపు 8 శాతం కోసేస్తుంది. 30 స్థానాలు మిగిలితే అవకాశం పన్నెండో వంతుకు పడిపోతుంది, 100 మిగిలితే మూడున్నర వేలో వంతుకు దగ్గర. 97 దాటి మరిన్ని ప్రధాన సంఖ్యలు కలిపితే మిగిలేవి తగ్గుతాయి, కానీ సంఖ్య పెరిగి ఒక్కో పదం అవకాశం పడిపోతుంది. శేషాల ఎంపిక మీద రెండు రోజులు ఎక్కువ పెట్టినా నష్టం లేదు, వెతుకులాటలో అంతకు పదింతలు కలిసొస్తుంది.

ప్రతి ‘న’కీ పెద్ద పరీక్ష పెట్టకండి. వాడిన ప్రధాన సంఖ్యల తర్వాతివి తీసుకుని, ఏ ‘న’ దగ్గర ఏడు పదాల్లో ఏదో ఒకటి దానికి గుణిజమవుతుందో ముందే లెక్కకట్టి కొట్టేయండి. అంటే ‘న’ మీద ఇంకో జల్లెడ. మిగిలిన వాటికే ఫెర్మా పరీక్ష (ప్రధాన సంఖ్య కానివాటిని త్వరగా ఏరేసే పరీక్ష), అది కూడా మొదటి పదం ఫెయిలైతే రెండోదాని జోలికి వెళ్లకుండా. ఏడూ నిలిచాకే కచ్చితమైన పరీక్ష. ఫెర్మా పరీక్ష ఒక్కదాన్నే నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి 341 చాలు: అది 11 × 31, కానీ 2 ఆధారంగా పరీక్ష పాసైపోతుంది. మీ ఫంక్షన్‌ని మొదట 863తో (గుంటూరు ఎస్టీడీ కోడ్, ప్రధాన సంఖ్య), 866తో (విజయవాడది, 2 × 433), తర్వాత 341తో నడిపి చూడండి. 64 బిట్ల లోపు సంఖ్యలకు మిల్లర్–రాబిన్ పరీక్షను 2 నుంచి 37 వరకున్న 12 ప్రధాన సంఖ్యలతో చేస్తే ఫలితం కచ్చితం. అంతకు మించినవాటికి పారీ జీపీ అనే సంఖ్యాశాస్త్ర సాఫ్ట్‌వేర్‌లోని నిరూపణ ఫంక్షన్ వాడండి, వంద అంకెల లోపువి దానికి చిటికెలో పని. నంపై పూర్ణాంకాలు 19 అంకెల దగ్గర ఆగిపోతాయి, పెద్ద సంఖ్యలకు మామూలు పైతాన్ పూర్ణాంకాలే వాడాలి. ఎక్సెల్‌లో ఈ సంఖ్యలు అతికించకండి. 15 అంకెల తర్వాత అన్నీ సున్నాలు చేసేస్తుంది, ఆ తర్వాత ఏ పరీక్ష పెట్టినా వృథా.

రికార్డు

ఏడు పదాలవి డబ్నర్, నెల్సన్ 1995లో కనుక్కున్నారు, 97 అంకెల సంఖ్యలు. ఎనిమిది 1997 నవంబరులో, తొమ్మిది 1998 జనవరిలో, పది 1998 మార్చిలో వచ్చాయి. ఆ బృందంలో డబ్నర్, ఫోర్బ్స్, లిగరోస్, మిజోనీ, నెల్సన్, జిమ్మర్‌మన్ ఉన్నారు. ‘న’ విలువలను ముక్కలుగా పంచితే సుమారు వందమంది తమ కంప్యూటర్ల మీద నడిపారు. పైన చెప్పిన పద్ధతే: గుణకం 193 వరకున్న 44 ప్రధాన సంఖ్యల లబ్ధం, 78 అంకెలు. పది పదాలు దొరికిన ‘న’ విలువ 507618446770482. అంటే ఐదు కోట్ల కోట్ల పైన.

ఆ సంఖ్య పరిమాణాన్ని గమనించండి. 93 అంకెల దగ్గర సగటు దూరం సుమారు 212. తేడా 210. అంటే అక్కడ 210 ఖాళీ వింత కాదు, మామూలు సంగతి. చిన్న సంఖ్యల్లో వెతికితే ఖాళీలు దొరకవు, మరీ పెద్ద సంఖ్యల్లో ప్రధాన సంఖ్యలే అరుదవుతాయి. 193 వరకు కొట్టేశాక ఒక్కో పదానికి అవకాశం సుమారు 22.6లో ఒకటి, పదింటికీ కలిపి సుమారు 35 లక్షల కోట్లలో ఒకటి. మిగిలిన స్థానాల కోత దానిమీద అదనం. పదకొండుకి తేడా 2310. సగటు దూరం 2310 అయ్యే చోటు వెయ్యి అంకెల దగ్గరుంది. ఖాళీలను కట్టుకుంటూ చిన్న సంఖ్యలతో ప్రయత్నించినా 4790 స్థానాలు కప్పాలి. పదకొండు ఇంకా దొరకకపోవడానికి కారణం ఇదే గానీ, అవి లేవని ఎవరూ చూపలేదు. ఎంత పొడవైనా ఉంటాయనే అందరి నమ్మకం. కానీ నిరూపణ విషయానికొస్తే, వరుస ప్రధాన సంఖ్యలు మూడు సమాన దూరంలో అనంతంగా వస్తాయన్నది కూడా ఇంతవరకు రుజువు కాలేదు. వరుసవి కానక్కర్లేని మూడింటికి మాత్రం 1939లో వాన్ డెర్ కార్పుట్ నిరూపించాడు. ఆ రకంలో 27 పదాలది 2019లో ప్రైమ్‌గ్రిడ్ (చాలామంది తమ కంప్యూటర్లను కలిపి వెతికే ప్రాజెక్టు) ద్వారా దొరికింది. మీ నివేదికలో 10, 27 రెండూ రాసేటప్పుడు పక్కన ‘వరుసవి’, ‘వరుసవి కానక్కర్లేదు’ అని తప్పకుండా రాయండి.

పదింటిలో మొదటిది ఇదీ, ఐదేసి అంకెల గుంపులుగా:

100 99697 24697 14247 63778 66555 87969 84032 95093 24689 19004 18036 03417 75890 43417 03348 88215 90672 29719

గుంపుల మధ్య ఖాళీలు తీసేసి, 93 అంకెలు వచ్చాయో లేదో లెక్కపెట్టి పారీ జీపీలో పెట్టండి. పది పదాలూ ప్రధాన సంఖ్యలని చూపిస్తే సగం పనే అయినట్టు. ‘తర్వాతి ప్రధాన సంఖ్య’ ఇచ్చే ఫంక్షన్‌ని మొదటి పదం నుంచి తొమ్మిదిసార్లు పిలిచి, ప్రతిసారీ తేడా సరిగ్గా 210 వస్తోందా అని చూస్తేనే మధ్యలోని 423 స్థానాలూ ఖాళీ అని తేలుతుంది. పదోసారి పిలిస్తే 210 రాదు. మొదటి పదాన్ని 11తో భాగిస్తే శేషం 1, కాబట్టి 2100 దూరంలో ఉన్నది 11 గుణిజం.